బొంతల కూసున్న కొత్తగూడ అవ్వ

నేను చెప్పేదాంట్ల సగం నమ్మొద్దని మా ఇంట్ల అందరికీ తెలుసు. మిగిలిన సగాన్ని గూడ ఒకటికి రెండుసార్లు అడిగి నమ్ముమంటది నా భార్య. ఏం చెయ్యాలె, నా పని అసొంటిది. ఇరవై ఏండ్ల పైన బస్సుల కండక్టర్‌గ తిరిగిన. జనగామ నుంచి మానుకోటకు, మానుకోట నుంచి కొత్తగూడ అడవిలకు. మహబూబాబాద్ అని బోర్డు మీద రాస్తరు గని నోటికి మానుకోటనే వస్తది. బస్సు గుంతలల్ల ఎగిరెగిరి పడుతుంటె కూసున్నోళ్లకు నడుము నొప్పి, నిలవడ్డోళ్లకు కాళ్ల నొప్పి. అండ్ల నేనొక లేనిపోని గప్పం కొడితె తొవ్వ తరిగేది. ఒకసారి ఒకాయిన నా ముచ్చట ఇనుకుంట తన ఊరు దాటి ఇంకో మూడు ఊర్లు పోయిండు. దిగేటప్పుడు తిట్టలేదు, “మరి తర్వాతేమైంది?” అని అడిగిండు.

గిప్పుడు చెప్పే ముచ్చటల మాత్రం ఏది అబద్ధమో ఏది నిజమో నేనే ఇడదీసి చెప్త. ఒకపాలి ఇడదీయాల్సి వచ్చింది గనుక, ఎట్ల ఇడదీయాల్నో నాకు తెలిసింది.

మా అత్త నాకు రెండు తీర్ల అత్త. మా నాయినకు అక్క, నా భార్యకు అమ్మ. అందుకే బయటి అల్లుడికి ఇచ్చే మర్యాద నాకు ఎన్నడూ ఇయ్యలేదు. మామూలుగ “ఓరి” అంటది, ప్రేమొస్తె “కొడుకా” అంటది. “అల్లుడా” అన్నదంటె కోపమొచ్చిందని అర్థం. ఉండేది బచ్చన్నపేట దిక్కు. జీవితమంత చేన్లల్ల పత్తి ఏరింది, ఆ ఏరిన చేతులతోనే బొంతలు కుట్టింది.

పాత చీరెలు నాలుగైదు పొరలు ఏసి, మీద ముక్కలు పేర్చి, సూదితోని ఈ అంచు నుంచి ఆ అంచుకు కుట్టుకుంట పోతె బొంత. మా దిక్కు ఇంటికొకటి దండెం మీద ఉంటది. కని మా అత్త కుట్టే తీరు వేరే. ముక్క చేతికిస్తె ముందుగాల రంగు చూడదు, వాసన చూస్తది. “ఎవలిది గిది?” అని అడుగుతది. ఎవల పెయ్యి మీద ఉన్న బట్టనో, ఆ మనిషి ఎట్లాంటిదో, ఏం కష్టం చేసిందో చెప్తె గని సూదిల దారం ఎక్కియ్యది. ఆ ముచ్చట ఇనుకుంటనే కుడ్తది. బాయిల నీళ్లు తోడి తోడి బతికినామె చీరె అయితె కుట్లు గుండ్రంగ తిరుగుతయి. పొద్దున లేసి కోసులు నడిచి కూలికి పోయినామెది అయితె పొడుగ్గ, నాగలి సాళ్ల లెక్క పోతయి. ఎవలూ నేర్పలేదు. ఎందుకత్తా గింత తిప్పలంటె, “ఎవలి మీద పండుకుంటున్నమో తెలవొద్దారా?” అనేది.

“బట్ట బట్టనే గదత్తా” అని నేను నవ్వెటోణ్ని.

“టికెట్టు గూడ కాయితమే గద. మరి మనిషికొకటి ఎందుకు చింపిస్తవు?” అనేది.

మా బిడ్డను భూపాలపల్లికి ఇచ్చినం. దాని పెనిమిటి బొగ్గుబాయిల పనిచేస్తడు. మొదటి కాన్పుల పుట్టిన పాప మూడు దినాలే ఉన్నది. అప్పుడు నేను సంబురం పట్టలేక, పుట్టకముందే జనగామల దుకాణాలన్నీ తిరిగి పిల్లకు పరిచేది, కప్పేది, తలకు టోపీ, అన్నీ కొత్తయి కొనుకపోయిన. పాప ఎందుకు దక్కలేదో డాక్టరమ్మ చెప్పింది. బట్టకూ దానికీ ఏ సంబంధం లేదు. అది అత్తకు గూడ తెలుసు. కని ఒకనాడు ఆకిట్ల కూసోని ఉన్నపాటున అన్నది: “ఆ పసిదాని కింద మనోళ్లది ఒక్క పోగన్న లేకపాయె గదరా. ఒక్కతే పండుకున్నది.”

ఆ మాట నా బిడ్డ చెవుల పడ్డది. పడ్డ కాడ్నే ఉండిపోయింది.

మూడేండ్లకు మళ్ల నెలలు నిండవట్టినయి. డాక్టరమ్మ ఈసారి కదలొద్దన్నది, అందుకే పుట్టింటికి తెచ్చుకోలేదు. అత్తనే సంచి సర్దుకొని మానుకోటకు మా ఇంటికొచ్చింది. బొంత తనే కుడ్తది. పుట్టిన బిడ్డ కింద మొట్టమొదలు పరిచేది అదే కావాలె. అండ్ల మనిషి తెల్వని బట్ట జానెడు గూడ ఉండొద్దు. బొంత తయారుగాంగనే భూపాలపల్లికి పోవాలె.

గప్పుడే సమ్మె మొదలైంది.

రాష్ట్రం కోసం కొట్లాట మంచి జోరు మీదున్న రోజులు. బడులు బంద్, ఆఫీసులు బంద్, బస్సులన్నీ డిపోల నిలవడ్డయి. డిపో ముంగట టెంటు ఏసుకొని మేమంత కూసున్నం. పొద్దుందాక నినాదాలు, ఎవలన్న పాట అందుకుంటె అందరం కోరస్. బస్సుల సీటు కోసం నాతోని కొట్లాడినోళ్లే వచ్చి చాయ్ పోసి పోయెటోళ్లు. సినిమాలల్ల మన మాట పెట్టి నవ్వించిన్రు గద, గిప్పుడు నవ్వున్రి చూద్దామని ఒకాయిన మైకుల రోజూ అనేటోడు.

నేను చేతులూపుకుంట ఇంటికొస్తె అత్త చూసింది. “ఖాళీగ తిరుగుతున్నవు గద, బట్టలు తే. మన ఇంటియి నా దగ్గరున్నయి. గని ఒక్క ఇంటియే అయితె బొంతకు బలముండదు. నాలుగూర్ల మనుషులు కావాలె. ఇన్నేండ్లు బస్సుల తిరిగినవు, నీకు ఎంతమంది తెల్వదు? ఒక ఏడు ముక్కలు అడుక్కరా.”

నాకు సిగ్గేసింది. మీసాలున్న కండక్టర్ ఇంటింటికి పోయి, అక్కా నీ పాత చీరె ముక్కియ్యమంటె ఏమనుకుంటరు? రెండు దినాలు అటిటు తిరిగిన. మూడోనాడు స్టేషన్ తొవ్వల ఉన్న దర్జీ భాయ్ దుకాణంల కూలవడ్డ. భాయ్ నా చిన్ననాటి దోస్తు. ఆ రోజుల్ల ఆయినకు ఊపిరాడే తీరిక లేదు. జెండాలు, బ్యానర్లు, నడుమ నడుమ జాకెట్లు. మిషను కింద కత్తిరించిన ముక్కలు గడ్డివాము లెక్క ఉన్నయి.

“భాయ్, ఒక ఏడు ముక్కలు తీసుకుంట.”

“సంచెడు తీస్కపో. ఏం జేస్తవ్?”

“పాతయి చేస్త.”

మిషను తొక్కుడు ఆపిండు. “పాతయి కొత్తగ చెయ్యమని దునియా అంత నా దగ్గరికొస్తది. కొత్తయి పాతయి చేసెటోణ్ని నిన్నే చూస్తున్న. దిమాక్ సలామత్ ఉన్నదా?”

దాచుడెందుకు, ఆ పని మంచిగ చేసిన. ముక్కలను సోడ నీళ్లల్ల ఉడకవెట్టిన. బండ మీద ఏసి రాకిన. అంచులు గోటితోని పీకి పోగులు లేపిన. ఎండకు రంగు ఎలిసేదాక ఆరేసి, ఆఖరికి టెంటు కాడ వంట చేసే పొయ్యి పొగల పట్టిన. మొదటి రెండు ముక్కలు కోడి గీకినట్టు వచ్చినయి. మూడోదానికి ఎక్కడ రాకాల్నో చేతికి తెలిసింది. భుజం కాడ బట్ట ఎట్ల అరుగుతది, నడుము కాడ ఎట్ల అరుగుతదని అందరి చీరెలు, అంగీలు చూసుకుంట తిరిగిన. ఏడోది అయ్యేసరికి ఎంత సంతోషమైందో. ఒక వస్తువు మన చేతుల నుంచి మనం అనుకున్నట్టు వస్తె కలిగే సంతోషానికి, చేసేది దొంగపని అని గూడ యాదికుండదు.

అత్త వాసన చూసింది. “అందరి బట్టలు ఒక్కటే పొగ వాసన ఉన్నయేందిరా?”

“సమ్మెల అందరం ఒక్క పొయ్యి మీదనే వండుకుంటున్నం గదత్తా.”

ఒప్పుకున్నది. ఇగ ముచ్చట చెప్పాలె గద. ఎర్ర ముక్కకు జనగామ మార్కెట్ల మిరపకాయలు ఆరవోసే ఆమెను పుట్టిచ్చిన. తెల్లదానికి పాలమ్మె ఆమె. గిట్ల ఒక్కొక్క దినం ఒక్కొక్కరు. ఏడోది పచ్చది. దానికి చెప్పింది గిది:

“కొత్తగూడ అడవిల ఒక అవ్వ ఉంటదత్తా, ఒక్కతే. తొవ్వకు దూరంగ గుడిసె. బస్సు చప్పుడు ఇనంగనే ఉరికొచ్చుడు చాతగాదని, మలుపు కాడ కొమ్మకు పచ్చ చీరె కట్టేది. చీరె ఉన్నదంటె అవ్వ వస్తదని లెక్క, మేం ఆగాలె. ఒకనాడు గాలిదుమారం లేసి ఆ చీరె వచ్చి బస్సు అద్దానికి అతుక్కున్నది. డ్రైవర్‌కు తొవ్వ కనవడ్తలేదు, బ్రేకు పడ్తలేదు. బస్సు దానంతటదే రోడ్డు దిగి, చెట్ల సందులకెల్లి మెల్లగ పోయి, ఒక్క కొమ్మ గూడ ఇరగకుండ అవ్వ గుడిసె ముంగట ఆగింది. అవ్వ బయటికొచ్చి, ‘ఇయ్యాల ఇంటికాడికే వచ్చిన్రా? జర ఆగున్రి, రొట్టె కాల్తున్నది’ అన్నది. బస్సెడు మందికి జొన్నరొట్టెలు పెట్టింది. పోయేటప్పుడు అద్దం తుడుచుకోమని చీరెల ముక్క చింపిచ్చింది. గదే గిది.”

అత్త సూది తీసుకొని ముక్క అంచు నుంచి ఒక గీత మొదలు పెట్టింది. కొంత దూరం సక్కగ పోయి, పక్కకు దిగి, వంకర్లు తిరుక్కుంట నడిమికి వచ్చి ఆగింది. రోడ్డు దిగిన బస్సు. రెండు దిక్కులా సన్న సన్న చుక్కలు కుట్టింది, చెట్లు. ఒక కాడ గీత చుక్కను తాకింది. కొంచెంసేపు చూసి, “ఒక్క కొమ్మ గూడ ఇరగలేదన్నవు గద?” అని ఆ కుట్టు ఇప్పి, పక్కకు జరిపి మళ్ల కుట్టింది.

ఆనాటి నుంచి ఇడువలేదు. అన్నం తింటుంటె, “అందరికి రొట్టెలంటె ఆ ముసల్దానికి పిండెక్కడిదిరా?” అనేది. నేను అప్పటికప్పుడు ఇసుర్రాయి పుట్టిచ్చేది. “వానకాలం గుడిసె కురుస్తదా?” అంటె తాటాకు కప్పిచ్చేది. అత్త అడిగిన కొద్ది అవ్వ పెరిగింది. ఒక పొద్దు అత్త తనంత తనే, “ఆమెకు ఒక కాలు కొంచెం కుంటు ఉంటది. అందుకే ఉరకలేదు” అన్నది. నేను చెప్పలేదు ఆ మాట. కని నిజమే అనిపించింది.

“ఏందయ్యా, ఇన్నేండ్లల్ల ఈ అవ్వ ముచ్చట నాకెన్నడు చెప్పకపోతివి?” అన్నది నా భార్య, కండ్లు చిన్నగ చేసి.

“నువ్వు అడగకపోతివి.”

అట్ల నవ్వులల్ల పోయేదే. ఒకనాడు సాయంత్రం బిడ్డ ఫోన్ చేసింది. అత్త ఫోన్ పట్టుకొని ఏడుగురి గురించి చెప్పవట్టింది. మిరపకాయల ఆమె, పాల ఆమె, కొత్తగూడ అవ్వ. “ఈసారి నీ బిడ్డ ఒక్కతే పండుకోదు బిడ్డా, కింద గింతమంది ఉంటరు” అన్నది. అవతల నుంచి బిడ్డ బాపుకియ్యమన్నది.

“బాపు, నువ్వు గప్పాలు కొడ్తవు, నాకు తెలుసు. గీ ఒక్కటి నిజం చెప్పు. గాళ్లంత ఉన్నరా?”

“ఉన్నరు బిడ్డా” అన్న.

“అయితె నాకు భయం లేదు.”

ఇరవై ఏండ్లల్ల ఎన్ని వేల అబద్ధాలు చెప్పిన్నో లెక్క లేదు. ఒక్కటి గూడ నా కడుపుల కూసోలే, అన్నీ ప్యాసింజర్ల లెక్క దిగి పోయెటియే. ఆ “ఉన్నరు బిడ్డా” మాత్రం దిగలేదు. కొత్త బట్ట వద్దని గద అత్త కూసున్నది. నేను మళ్ల కొత్త బట్టనే పాత ఏషం ఏసి తెచ్చి, నా బిడ్డ బిడ్డ కింద పరిపిస్తున్న.

తెల్లారి అత్త ఆకిట్ల ఎండకు కూసోని అంచులు కుడ్తుంటె పోయి ముంగట కూలవడ్డ.

“అత్తా, గా ముక్కలు ఎవలియి గావు. భాయ్ దుకాణంలయి. నేనే పాతగ చేసిన.”

సూది ఆగింది. “ఎన్ని?”

“ఏడు.”

“ఏడుకేడు?”

“ఆ.”

దర్వాజ కాడ నా భార్య చాట పట్టుకొని నిలవడ్డది నిలవడ్డట్టే ఉన్నది. అత్త నా దిక్కు చూడలేదు. దారం పండ్లతోని తెంపింది.

“అల్లుడా,” అన్నది, “బ్లేడు తే.”

తెచ్చిచ్చిన. ఒక్కొక్క కుట్టు తెంపుకుంట, ముక్క ఊడొచ్చినప్పుడల్లా ఒక మాట. “మిరపకాయలామె లేదు.” పక్కన పెట్టింది. “పాలామె లేదు.” పక్కన పెట్టింది. తిట్టి ఉంటె బాగుండు. ఆరు ముక్కలు పోయినయి. సూది దిగిన చిల్లులు కింది పొర మీద చుక్కలు చుక్కలుగ మిగిలినయి. ఇగ పచ్చ ముక్క మీద బ్లేడు పెట్టింది.

“గీమె?”

“లేదత్తా. అడవి ఉన్నది, మలుపున్నది. అవ్వ లేదు.”

అత్త బ్లేడు కదిలియ్యలేదు. బొటనవేలితోని ఆ వంకర గీత మీద, అంచు నుంచి నడిమి దాక, ఒకసారి పోయొచ్చింది.

“గిన్ని దినాలు నా పక్కన కూసున్నది గదరా. రొట్టె కాల్తుంటె నాకు వాసన గూడ వచ్చింది. లేదంటె ఎట్ల?”

నేను ఊడిన ముక్కలు ఏరుకుంట కూసున్న.

“ఆ ఆరుగురు నువ్వు చెప్పినోళ్లు. గీమెను నేను గూడ చూసిన. ఉండనియ్యి.” బ్లేడు కింద పెట్టింది.

చేతిపని ఏడిదాక, కళ ఏడికెల్లి అని చదువుకున్నోళ్లు మాట్లాడుకుంటరు, బస్సుల గూడ ఇన్న. నాకు ఆ పెద్ద మాటలు తెల్వయి. ఎవలన్న అడిగితె ఆ బ్లేడు ఆగిన జాగ చూపెడ్త. మిగిలిన ఆరు ముక్కలు గూడ నేను అంతే పనితనంతోని చేసిన, అత్త అంతే పనితనంతోని కుట్టింది. అవి ఊడొచ్చినయి. గిది రాలేదు.

“ఇగ ఆరు ముక్కలు తే” అన్నది. “మనుషులయి.”

ఈపాలి సిగ్గు యాదికి రాలేదు. మొదలు భాయ్ కాడికే పోయి జరిగింది చెప్పిన. భాయ్ లేసి ఇంట్లకు పోయి ఒక తెల్ల ఓణీ తెచ్చిండు, మడతలల్ల పసుపు రంగు తిరిగింది. “మా అమ్మీ నమాజుకు కప్పుకునేది” అన్నడు. ఆమె పోయి చాన ఏండ్లాయె. దినమంత కత్తెర ఆడిచ్చే చెయ్యి, ఆ జానెడు బట్ట కాడ ఎంతసేపు ఆగిందో. కోసిచ్చి, “అమ్మీ పిల్లలను మంచిగ ఊపేదని చెప్పు మీ అత్తకు. గది గప్పం గాదు” అన్నడు.

నా జోడి డ్రైవర్ టెంటు కిందనే ఉన్నడు. పదకొండేండ్లు స్టీరింగు తుడిచిన తువాల ఇచ్చిండు. “ఉతికి ఇయ్యాల్నా?” అంటె, వద్దన్న. కూరగాయల మార్కెట్ల తండా నుంచి వచ్చి ఆకుకూరలమ్మే అక్కను అడిగితె, పక్కనున్న ఆమెతోని వాళ్ల భాషల ఏదో అని ఇద్దరు పడి పడి నవ్విన్రు. “కండక్టరన్నా, బస్సుల జాగ అడిగితె ఎన్నడు ఇయ్యకపోతివి, గిప్పుడు నా బట్ట అడుగుతున్నవా?” అన్నది. తెల్లారి పాత ఘాగ్రా అంచు తెచ్చి చేతుల పెట్టింది, చిన్న అద్దంతోని సహా. “అద్దం పీకకు. పిల్ల మొఖం చూసుకుంటది.” మా టెంటుకు చాయ్ తెచ్చే అక్క ఒకటిచ్చింది. రోజూ నా బస్సుల పోయే బడిపంతులు తన ధోతి కొసలు కోసి ఇచ్చిండు.

అయిదైనయి. ఒక్కొక్కటి తెచ్చి, ఎవలు ఏమన్నరో ఉన్నదున్నట్టు చెప్పిన. నా జీవితంల గంత కష్టమైన పని చెయ్యలేదు. నోరు ఊకె ఒక మాట కలుపుదామని చూసేది. అత్త సూది ఆపి నా మొఖం చూసేది. నేను ఆ మాట మింగేది.

ఆరోది ఇంకా దొరకకముందే భూపాలపల్లి నుంచి ఫోనొచ్చింది. పొద్దుగాల నొప్పులు మొదలైనయంట.

బస్సులు లేవు. నేను, అత్త, నా భార్య ఒక ఆటో, ఒక ట్రాక్టరు, మళ్ల ఒక జీపు మారుకుంట పోయినం. తొవ్వల ఎవలన్న ఆపితె మనోడే అని ఇడుస్తరని ఖాకీ అంగి ఏసుకున్న. జీపుల గూడ అత్త కుడ్తనే ఉన్నది. సగం తొవ్వల రోడ్డుకు అడ్డంగ రాళ్లు పెట్టి, పొయ్యిలు పెట్టి, నడి రోడ్డు మీద వంటలు చేస్తున్నరు జనం. ఒక ఆమె కత్తిపీట మీద వంకాయలు కోసుకుంటనే అన్నది, “తొవ్వ బంద్. తిని కూసోన్రి.”

“కాన్పు ఉన్నదక్కా” అన్న.

“అందరు గట్లనే అంటరు. పొద్దుగాల ఒకడు పెండ్లికొడుకునని చెప్పి పోయిండు, తల మొత్తం తెల్లవడ్డది.”

అబద్ధాలకు పేరువడ్డ నన్ను, నిజం చెప్పిననాడు నమ్ముతలేరు. అప్పుడు అత్త జీపు దిగి బొంత ఇప్పి రోడ్డు మీద పరిచింది. ఆడోళ్లంత చుట్టు మూగిన్రు. ఒక మూలకు ఒక జాగ ఖాళీ, చిల్లుల చుక్కలు కనవడుతున్నయి.

“ఇదేందవ్వా, ఒకటి తక్కువున్నది?” అని అడిగి, సంగతంత ఇన్నాక కత్తిపీట ఆమె తన కొంగు పట్టుకున్నది. “నాది కొయ్యి. జల్ది కొయ్యి.”

“నీది గాదు బిడ్డా” అన్నది అత్త. నా దిక్కు తిరిగింది. “గింతమందియి అడిగి తెచ్చినవు. నీదేదిరా?”

నేను అంగి ఇప్పి బనీను మీద నిలవడ్డ. ఎనుక దిక్కు లాగుల దోపుకునే అంచు, జానెడు, ఆ కత్తిపీట మీదనే కోసిన్రు. వంకాయ వాసన గూడ అండ్ల కలిసింది. అత్త నాలుగు దిక్కుల కుట్టు మొదలు పెట్టి, ఎన్నడు లేంది, సూది కత్తిపీట ఆమె చేతికిచ్చింది. “ఒక్కటెయ్యి.” ఆమె ఏసి పక్కామెకిచ్చింది. ఒకామెది పొడుగు కుట్టు, ఒకామెది ఎలుక పండ్ల లెక్క సన్నది, ఒకామె వంకర ఏసి నాలిక కరుచుకుంటె అత్త ఇప్పనియ్యలేదు. నా ముక్కకు ఎట్లాంటి కుట్టు ఏస్తదో చూద్దామనుకున్న. ఇంతమంది చేతులే దానికి కుట్టు.

“రాళ్లు తియ్యున్రి” అన్నది కత్తిపీట ఆమె, మీది నుంచి ఒక గిన్నెల పులుసన్నం పెట్టిచ్చింది.

పొద్దు గూకకముందే దవాఖానకు చేరినం. అప్పటికే ఆడపిల్ల పుట్టింది, బొంత కోసం ఆగి ఇంకా తల్లి ఒడిలనే ఉన్నది. గట్టిగ ఏడుస్తున్నది, ఆ ఏడుపు ఇంటుంటె మాకు నవ్వొస్తున్నది. నా బిడ్డ నవ్వుతలేదు. బొంత చూసింది, నన్ను చూసింది.

“బాపు, అందరు ఉన్నరా?”

“ఆరుగురు ఉన్నరు బిడ్డా. ఒకామె లేదు. ఆనాడు నీకు అబద్ధం చెప్పిన.” ఎవలు ఎవలో ఒక్కొక్క ముక్క మీద చెయ్యి పెట్టి చెప్పిన. బొంత మర్లేసి ఇప్పిన కుట్ల చిల్లులు గూడ చూపెట్టిన. “లేనామె ఈమె. కొత్తగూడ అవ్వ.”

బిడ్డ అత్త దిక్కు చూసింది. తర్వాత ఆ గీత మీద వేలు పెట్టి, రోడ్డు దిగి, చెట్ల సందులకెల్లి, గుడిసె దాక పోయింది. ఎంతసేపు పోయిందో.

“తల గీమె దిక్కు పెడుదాం” అన్నది.

పెట్టినం. ఏడుపు ఆగింది. తల అవ్వ దిక్కయితె, రెండోదిక్కు ఖాకీ మీద పడ్డది. పండుకోవెట్టిన కొంచెంసేపటికే పిల్ల ఖాకీ మొత్తం తడిపింది.

“టికెట్టు తీసుకున్నది” అన్నది అత్త. అప్పుడు నవ్వింది నా బిడ్డ.

కొన్ని దినాలకు సమ్మె ఇడిసిన్రు. రాష్ట్రం రాలే ఇంకా, దానికి మళ్ల ఎన్ని కొట్లాటలో. నేను ఖాకీ ఏసుకొని డ్యూటీకి ఎక్కిన. ముంగట అంత మంచిగనే ఉండేది గని, చెయ్యి పైకెత్తి రాడ్ పట్టుకున్నప్పుడల్లా ఎనుక అంగి బయటికొచ్చేది. అంచు లేకపాయె గద. పొయ్యేటప్పుడు అత్త ఒక మాట చెప్పి పంపింది: “ఆ దిక్కు పోయినప్పుడు ఆమెకు చెప్పురా, పిల్ల మంచిగున్నదని.”

కొత్తగూడ బస్సు మలుపు కాడికి వచ్చింది. నేను తాడు గుంజిన. డ్రైవర్ బ్రేకేసిండు. అక్కడ ఊరు లేదు, ఇల్లు లేదు, చెట్లే. అంగి బయటికొచ్చిన నా ఎనుకభాగం చూసి ఎవలో నవ్విన్రు. నేను డోర్ తీసి మెట్టు మీద నిలవడ్డ. పిల్ల మంచిగున్నదవ్వా అని మనసుల అనుకున్న. ఆమె కాలు కుంటు, జర టైము పడుతది.

“ఎవలు లేరు గద కండక్టర్ సాబ్, ఎందుకాపినవ్?” అని కిటికీల నుంచి ఒకాయిన అరిసిండు.

ఇంకొంచెంసేపు ఆగి డోర్ ఏసిన.

“ఎక్కింది” అన్న. “రైట్, పోనియ్యి.”